మే నెల జీతం

రాగసుధ చేత తొలి అడుగులు వేయించింది మా అమ్మ. ఆ సంగతి పేటలో ఎవరికీ చెప్పుకోలేదు గాని నాకు మాత్రం చాలాసార్లు చెప్పింది. శ్రీకూర్మంలో వాళ్ల ఇంటి వసారాలో, అమ్మ చీర చెంగు పట్టుకుని పిల్ల నాలుగడుగులు వేసి ఐదో అడుగుకి కూలబడిందట. సాయంత్రం విశాలి మేడం కాలేజీ నుంచి వచ్చాక అమ్మ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు పొద్దున్న ఆవిడ ఎదుట పిల్ల మళ్లీ నడిచింది. అదే మొదటిసారి అన్నట్టు అమ్మ కూడా నోరు తెరుచుకుని చూసిందట.

"కన్నతల్లి కదే. ముందు ఆవిడే సూడాల," అంది నాతో.

అమ్మ పేరు బుల్లమ్మ. మాది శ్రీకూర్మానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో సముద్రం ఒడ్డున ఉన్న పేట. పిల్లకు ఆరు నెలలప్పుడు అమ్మ ఆ పనిలో చేరింది. మొన్న ఏప్రిల్‌కి పిల్లకు మూడేళ్లు నిండాయి. అన్నాళ్లూ అమ్మ పొద్దున్న ఏడింటి షేర్ ఆటోలో వెళ్లి సాయంత్రం ఆరింటికి తిరిగొచ్చేది. విశాలి మేడం శ్రీకాకుళంలో డిగ్రీ కాలేజీ లెక్చరర్. వాళ్లాయన మోహనకృష్ణ గారు విజయనగరంలో సంగీతం చెబుతారు, శనివారం వచ్చి సోమవారం వెళ్లిపోతారు. ఇంట్లో మేడం మామగారు కూర్మనాథం మాస్టారు ఉంటారు. తాతముత్తాతల నుంచి గుడిలో పాడే కుటుంబం వాళ్లది. ఆ ఇంట్లో పిల్ల ఏడ్చినా శ్రుతిలోనే ఏడుస్తుందని అమ్మ నవ్వేది.

అమ్మ తన జీతంలో నెలకు ఐదు వందలు మేడం దగ్గరే ఉంచేసేది. నేను పది పాసయ్యాక ఇంటర్‌కి కావాలని. నాన్నమ్మ దానమ్మకు అది నచ్చేది కాదు. మన డబ్బు ఒకరి ఇంట్లో ఎందుకని గొణిగేది. అమ్మ వినేది కాదు.

"మన రూపాయి ఆ ఇంట్లో ఉన్నన్నాల్లు ఆల్లకీ మనకీ తాడున్నట్టే అత్తా," అనేది.

ఆ మాట అమ్మ సొంతంగా కల్పించింది కాదు. మా పేటలో బోటు పనికి ఒక పద్ధతి ఉంది. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా వేట మీద నిషేధం. బోట్లన్నీ ఒడ్డుకి ఎక్కించేస్తారు. ఆఖరి వేట అయ్యాక బోటు యజమాని తన మనుషులను కూర్చోబెట్టి వాటాలు పంచుతాడు. మళ్లీ కావాలనుకున్న మనిషికి అంతా ఇవ్వడు. కొంత తన దగ్గర ఆపుకుని, మిగతాది వేట మొదలయ్యాక అంటాడు. దాన్ని ఎవరూ బాకీ అనుకోరు, మళ్లీ రమ్మన్నాడని అనుకుంటారు. వద్దనుకున్న మనిషికి మాత్రం చివరి పైసా దాకా ఇచ్చేసి, పైన ఒక లుంగీయో తువ్వాలో పెట్టి, కబురు పెడతానంటాడు. ఇక రావద్దని నోటితో ఎవరూ అనరు.

రెండేళ్ల కిందట మా నాన్న రాముడికి అలాగే జరిగింది. నాగబాబు బోటులో నాన్న ఏడేళ్లు పనిచేశాడు. ఆ ఏడు ఏప్రిల్లో నాగబాబు మొత్తం లెక్క ఇచ్చేసి ఆకుపచ్చ గళ్ల లుంగీ పెట్టాడు. జూన్‌లో వేట మొదలయ్యే రోజు నాన్న మామూలుగానే ఒడ్డుకి బయల్దేరాడు. వెనకాల అన్నం క్యారేజీ పట్టుకుని నేను వెళ్లాను. మనుషులందరూ బోటుకి భుజాలు ఆనించి ఉన్నారు. వాళ్లలో ఒకాయన నాన్నని చూసి, "లెక్క పుచ్చుకున్నావు కదరా రాముడా. మల్లీ ఏటి?" అన్నాడు. కొందరు నవ్వారు. నాగబాబు ఇంజన్ మీద వంగి ఉన్నాడు. తల ఎత్తలేదు. నాన్న వెళ్లి తనూ భుజం పెట్టాడు. బోటు అలలు దాటేదాకా తోసి, నడుం దాకా తడిసి వెనక్కి వచ్చాడు. నా చేతిలో క్యారేజీ అలాగే ఉంది.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, నీకు తెలీనేదేటి మావా అని. నాన్న చాలాసేపు తల తుడుచుకున్నాడు. తెలుసు గాని వెళ్తే ఏమంటారో చూద్దామని వెళ్లానన్నాడు. ఆ తర్వాత విశాఖపట్నం హార్బర్లో పనికి కుదిరాడు. ఆ లుంగీ మాత్రం ఎప్పుడూ కట్టలేదు. పిలవని చోటికి వెళ్లకూడదని అమ్మ నాకు ఆ రోజు చెప్పింది. పెద్ద పాఠంలా ఏమీ చెప్పలేదు. గిన్నెలు తోముతూ చెప్పింది.

ఈ ఏడు ఏప్రిల్ చివర్లో నా పదో తరగతి ఫలితాలు వచ్చాయి. ఆరు వందలకి ఐదు వందల నలభై ఒకటి. విశాలి మేడం చూడాలందని అమ్మ నన్ను శ్రీకూర్మం తీసుకెళ్లింది. వాళ్లు మర్నాడు ఊరికి వెళుతున్నారు. మేడం పుట్టిల్లు బరంపురం. మే నెలంతా అక్కడ ఉండి జూన్ ఎనిమిదికి తిరిగొస్తారు.

నాకు ఆ ఇంటికి వెళ్లడమంటే భయం. వాళ్లు కోప్పడతారని కాదు. చక్కగా పలకరిస్తారు, కుర్చీలో కూర్చోమంటారు. ఎవరైనా ఏమైనా అడిగితే అమ్మ వెనక్కి జరిగిపోతాను. మార్కులు ఎన్నని మేడం అడిగితే చేతిలో కాగితం చాచాను. ఆవిడ నా వీపు తట్టి సున్నుండ పెట్టింది.

ఆ సమయానికి వీధిలోంచి ఇద్దరు పెద్ద ముత్తయిదువలు వచ్చి ఉన్నారు. అమ్మ కింద కూర్చుని రాగసుధకి జడ వేస్తోంది. పిల్ల ఒక్క క్షణం కుదురుగా ఉండదు. కూర్మనాథం మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ ఉంటే, "ఏటి సేస్తన్నావు తాతా? ఇటు సూడు. నా జడ సూడు," అంది. వచ్చినవాళ్లిద్దరూ పగలబడి నవ్వారు. సంగీతం వారి మనవరాలు బోటు దిగొచ్చినట్టు మాట్లాడుతోందే అని ఒకావిడ అంది. మాస్టారు కూడా నవ్వారు. జూన్‌లో నర్సరీలో వేస్తున్నామనీ, అక్కడ మాట దిద్దుతారనీ అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. నేను అమ్మ చేతుల వంకే చూస్తున్నాను. జడ పాయల మధ్య వేళ్లు ఆగిపోయాయి. కొంచెంసేపటికి మళ్లీ కదిలాయి.

బయల్దేరేటప్పుడు విశాలి మేడం ఒక కవరూ, కొత్త చీరా తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది.

"ఇది మే నెలది, ముందే ఇస్తున్నాను. నువ్వు దాచుకున్నవి కూడా ఇందులోనే పెట్టేశాను బుల్లమ్మా. వేట లేని రోజులు కదా, ఇల్లు గడవాలి. మేం వచ్చాక కబురు చేస్తాను."

లోపల ఫోను మోగితే ఆవిడ వెళ్లిపోయింది. అమ్మ ఆ కవరు పట్టుకుని నిలబడింది. తర్వాత తన సంచిలోంచి పాత చీర ఒకటి తీసి, మడత పెట్టి, పిల్ల బట్టల పెట్టెలో అడుగున ఉంచింది. అమ్మ చీర చెంగు పట్టుకుంటే తప్ప రాగసుధ నిద్రపోదు. ఊళ్లో ఏడవకుండా ఉంటుందని ఆ చీర పొద్దున్నే ఇంటి దగ్గర నుంచి తెచ్చింది. పిల్ల గుమ్మం దాకా వచ్చి గవ్వలు తెమ్మంది. ఎన్ని అని అమ్మ అడిగింది. పిల్ల రెండు చేతుల పది వేళ్లూ చూపించింది.

ఆటోలో అమ్మ కవరు నా ఒళ్లో పెట్టింది. లెక్కపెట్టాను. మే జీతం ఆరు వేలు, రెండున్నరేళ్లుగా దాచిన పదిహేను వేలు. అంతా ఉందని చెప్పాను.

"ఒక్క రూపాయి ఉంచుకోనేదా?"

"లేదమ్మా."

"సీర కూడా ఎట్టినారు," అంది అమ్మ. ఇక మా పేట వచ్చేదాకా రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది.

నాకు ఆ పూట ఒక విషయం తట్టింది. ఎండాకాలం సెలవుల్లో కూడా టీచర్లకు జీతం వస్తుందని మా తెలుగు మేడం బడిలో ఒకసారి చెప్పింది. విశాలి మేడం తనకు వచ్చినట్టే అమ్మకూ ఇచ్చి ఉంటుందేమో అనిపించింది. ఆ మాట నోటి దాకా వచ్చింది. ఆటోలో ఇంకా నలుగురున్నారు. ఇంటికెళ్లాక చెబుదామనుకున్నాను. ఇంటి దగ్గర నాన్న ఉన్నాడు. అమ్మ చీర తీసి చూపిస్తే నాన్న దాన్ని ముట్టుకోలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్లకు తెలిసినంత నాకేం తెలుసని ఊరుకున్నాను.

మే నెలలో అమ్మ రోజూ ఆరున్నరకల్లా తల దువ్వుకుని తయారైపోయేది. ఏడింటికి ఆటో హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయేది. అప్పుడు చీపురు తీసి, ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చేది. నెల మధ్యలో ఫోన్ రీచార్జి అయిపోయింది. వేయిద్దామంటే, మనకెవరు చేస్తారని వద్దంది. వేయించకపోతే అవతలివాళ్లు చేసినా రాదని నాకు తెలుసు. అమ్మకీ తెలుసు.

ఎండ తగ్గాక ఒడ్డున నడుస్తూ గవ్వలు ఏరేది. చిన్నవి, అంచు విరగనివి మాత్రమే. ఉప్పు పోయేలా మంచినీళ్లలో కడిగి, ఎండబెట్టి, పాలపొడి డబ్బాలో వేసేది. పదో పన్నెండో ఉంటే చాలు కదమ్మా అంటే, మంచివి దొరికితే పాతవి తీసేసి అవి వేస్తానంది. నెలాఖరుకి ఆ డబ్బాలో పన్నెండు ఉన్నాయి. అన్నీ పసుపు రంగువే.

జూన్ మొదట్లో జగ్గమ్మ వచ్చింది. భీమవరం వైపు రొయ్యల కంపెనీకి ఆడవాళ్లను తీసుకెళ్లే మేస్త్రి ఆవిడ. ఎనిమిది నెలలు అక్కడే ఉండి రొయ్యల తలలు తీసే పని. ముందుగా పదివేలు చేతిలో పెడుతుంది. పుచ్చుకున్న మనిషి మధ్యలో రాకూడదు. కంపెనీకి పన్నెండు మందిని తెస్తానని ఒప్పుకుంది, అప్పటికి పదకొండు మంది అయ్యారు. అమ్మ పదో తారీఖు దాకా గడువు అడిగింది. ఎందుకు పదో తారీఖని జగ్గమ్మ అడిగితే చెప్పలేదు.

తొమ్మిదో తారీఖు పొద్దున్న అమ్మ నన్ను పిలిచి గవ్వల డబ్బా చేతిలో పెట్టింది. దాని అంచుకి రెండు రంధ్రాలు చేసి తాడు కట్టి ఉంది.

"ఇది మన రాగసుధ గుంటకిచ్చీసి రా. పని సంగతి నువ్వు అడగకు. అడిగితే అడుక్కున్నట్టుంటాది. ఆల్లే ఏదో ఒకటంటారు. రమ్మంటే మాత్రం బేగి వచ్చి సెప్పు."

నువ్వే వెళ్లమ్మా అన్నాను. అమ్మ నా జడ సరిచేస్తూ, మీ నాన్న వెళ్లింది చాలదేటే అంది.

నేను ఆటో దిగి వాళ్ల వీధిలోకి వెళ్లేసరికి తొమ్మిదైంది. గేటు వేసి ఉంది. కిటికీ తెరిచి ఉంది. లోపల ఎవరో ఆవిడ, నేనెప్పుడూ చూడనావిడ, రాగసుధను ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నం తినిపిస్తోంది. పిల్ల నవ్వుతోంది. ముద్ద ముద్దకీ నోరు తెరుస్తోంది. మా అమ్మ దగ్గర తిన్నట్టే తింటోంది. ఎక్కడో వెనకగదిలో విశాలి మేడం గొంతు వినిపిస్తోంది.

పిలవాలి. "మేడం" అంటే చాలు. గేటు గొళ్లెం ఒక్కసారి కదిపినా చాలు. నేను గొళ్లెం పట్టుకున్నాను. కొత్త మనిషిని పెట్టుకున్నారని నాకు అర్థమైపోయింది. ఇప్పుడు పిలిస్తే మేడం బయటికి వచ్చి, ఏం చెప్పాలో తెలియక నా ముఖం వంక చూస్తుంది. నాగబాబు ఇంజన్ మీద వంగినట్టు వంగుతుంది. నాలుగిళ్ల అవతల ఎవరో నన్ను చూసి, ఎవరు కావాలమ్మాయీ అని అడిగారు. డబ్బా గేటుకి తగిలించి గబగబా నడిచాను. ఆటో కోసం కూడా ఆగలేదు. ఇంటి దాకా నడిచే వెళ్లాను.

అమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట పక్కన పెట్టి లేచింది.

"విశాలమ్మ అగుపడ్డాదా?"

ఊ అన్నాను.

"ఏటన్నాది?"

"ఏమీ అనలేదు. కొత్తావిడ ఉంది. పిల్లకి అన్నం పెడుతోంది."

అమ్మ చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. పిల్ల తింటోందా అని అడిగింది. తింటోందన్నాను. మారాం చెయ్యడం లేదా అంది. లేదన్నాను. మంచిదే అంది. నేను రాసుకునే నోటు పుస్తకంలో ఆ రోజు పేజీలో ఒక్క ముక్కే ఉంది. గవ్వలు ఇచ్చేశాను అని. నా పుస్తకంలో కూడా నిజం రాసుకోలేకపోయాను.

మర్నాడు జగ్గమ్మ దగ్గర అమ్మ పదివేలు పుచ్చుకుంది. గురువారం వ్యాన్ వచ్చింది. వెళ్లేముందు అమ్మ మేడం ఇచ్చిన కవరు నా చేతిలో పెట్టి కాలేజీకి కట్టమంది. మే నెల జీతం కూడా ముట్టుకోకుండా అందులో అలాగే ఉంది. పని చెయ్యకుండా వచ్చిన డబ్బుతో బియ్యం కొంటే తినబుద్ధి కాదంది. కొత్త చీర నన్ను కట్టుకోమంది. వ్యాన్ కిటికీ లోంచి చెయ్యి ఊపలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. శనివారం నాన్న హార్బర్‌కి వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున్న మా వాకిట్లో ఆటో ఆగింది. విశాలి మేడం దిగింది. చంకలో రాగసుధ. పిల్ల మెడలో తాడుతో పాలపొడి డబ్బా వేలాడుతోంది.

నాన్నమ్మ కంగారుగా చాప వేసింది. మేడం కూర్చోకుండానే బుల్లమ్మ ఎక్కడికి వెళ్లిందని అడిగింది. భీమవరం వెళ్లిందని నాన్నమ్మ చెప్పింది. ఎప్పుడొస్తుందని అడిగింది. ఎనిమిది నెలలకని చెప్పింది. అప్పుడు మేడం చాప మీద కూర్చుంది.

వారం నుంచి ఫోన్ చేస్తూనే ఉందట. పనిచేయడం లేదని వస్తోందట. వాళ్లక్కయ్య శైలజ గారు బరంపురం నుంచి దింపడానికి వచ్చి వారం ఉండి నిన్ననే వెళ్లారట. కిటికీలోంచి నేను చూసింది ఆవిడనే. గేటుకి డబ్బా చూసి, బుల్లమ్మ ఇంత దూరం వచ్చి పిల్లని చూడకుండా వెళ్లిపోయిందేమిటని మేడం మనసు కష్టపెట్టుకుందట. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుందని చూశారట. నిన్న ఆటో అబ్బాయి చెబితే ఊళ్లో లేదని తెలిసిందట.

"నేనేం తప్పు చేశాను దానమ్మా? నాకు సెలవుల్లో జీతం ఇస్తారు. నేను పాఠం చెప్పకపోయినా ఇస్తారు. పిల్లకి నాకంటే ఎక్కువ చేసిన మనిషికి నేను ఇవ్వకపోతే ఎలా? అందుకే ఇచ్చాను."

నాన్నమ్మకి ఆ మాట సగమే అర్థమైంది. కానీ తన మాట తను చెప్పింది. మా పేటలో లెక్కంతా చేతిలో పెట్టేశారంటే రావద్దని అర్థం తల్లీ అంది. నాన్న సంగతి చెప్పింది, లుంగీ సంగతి చెప్పింది, తాడు అని అమ్మ అనే మాట చెప్పింది. మేడం కళ్లు నిండిపోయాయి. తర్వాత నా వైపు తిరిగింది.

"ఈ డబ్బా ఎవరు తగిలించారు తులసీ?"

"నేనే."

ఎందుకు పిలవలేదని ఆవిడ అడుగుతుందని చూశాను. అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

మేడం ఫోన్‌లోంచి జగ్గమ్మ నంబరుకి చేశాం. అమ్మని పిలిపించారు. వెనకాల నీళ్ల చప్పుడు, ఆడవాళ్ల మాటలు. మేడం జరిగిందంతా చెప్పింది. ఆ పదివేలూ తను కట్టేస్తానంది, రేపే వచ్చేయమంది.

"మాటిచ్చినాను అమ్మగోరూ. పన్నెండు మందిమని సెప్పి తెచ్చినాది జగ్గమ్మ. నానొచ్చేస్తే ఆ మనిసి మాట పోతాది."

"పిల్ల నిద్రపోవడం లేదు బుల్లమ్మా. నీ పాత చీర పట్టుకుని కూర్చుంటోంది."

"అలవాటు పడతాది. బడికెల్తంది కదా. మాట కూడా బాగుపడతాది. నా కాడుంటే నా మాటే వస్తాది."

"ఆ మాట నీతో ఎవరన్నారు?"

"ఎవరూ అన్నేదు," అంది అమ్మ.

మేడం ఫోను పిల్ల చెవి దగ్గర పెట్టింది. అందరికీ వినిపించేలా పెట్టింది. రాగసుధ ఫోన్ వంక చూసి, "బుల్లమ్మా, ఎక్కడున్నావు? చూడు, గవ్వలు," అంది. చూడు అనే అంది. నెలన్నర క్రితం తాతని చూడమన్నప్పుడు ఆ పిల్ల నోట ఆ మాట సూడు అని వచ్చింది. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమంది అమ్మ. పిల్ల మెడలోంచి డబ్బా తీసి చాప మీద ఒంపింది. ఒకటి అంటే అవతల నుంచి ఊ అంది అమ్మ. రెండు. ఊ. ఒక్కొక్క గవ్వనీ మేడం చేతిలో పెడుతూ లెక్కపెడుతోంది. పది దాకా అమ్మ ఊ కొట్టింది. పదకొండుకి ఊ రాలేదు. పన్నెండుకీ రాలేదు. లైను కట్టయిందనుకున్నాం. నీళ్ల చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది. తర్వాత జగ్గమ్మ గొంతు వచ్చింది, పనికి పిలుస్తున్నారని.

మేడం వెళ్లబోతూ నాన్నమ్మ దగ్గర ఆగింది. ఆ తాడు మళ్లీ కట్టాలంటే ఏం చెయ్యాలని అడిగింది. నాన్నమ్మ చెంగు ముడి విప్పి వంద నోటు తీసి ఆవిడ చేతిలో పెట్టింది. మీ కాడ ఉంచండి అంది. మేడం ఆ నోటు పర్సులో వెయ్యలేదు. గుప్పిట్లోనే పట్టుకుని ఆటో ఎక్కింది. రాగసుధ ఆటోలోంచి మా గుమ్మం వైపే చూస్తోంది. అమ్మ లోపల ఉందనీ, చీర మార్చుకుని వస్తుందనీ అనుకున్నట్టుంది. ఆటో కదిలాక ఏడుపు వినిపించింది.

ఆ సాయంత్రం నాన్నమ్మతో ఫోన్ రీచార్జి చేయించి నేను జగ్గమ్మ నంబరుకి చేశాను. నా అంతట నేను ఎవరికైనా ఫోన్ చెయ్యడం అదే మొదలు. అమ్మ లైన్లోకి వచ్చింది.

"అమ్మా, నేను ఆ రోజు పిలవలేదు. గేటు దగ్గరే ఉండిపోయాను. మేడం అగుపడిందని అబద్ధం చెప్పాను."

అమ్మ ఊపిరి వినిపిస్తోంది. తిడుతుందని ఎదురుచూశాను.

"నీ మొకం సూస్తే అప్పుడే తెలిసింది. పిలిసుంటే ఏటందురో అని నాకూ బయమే. నువ్వు పిలవనేదని తెలిసి నా పేనం కుదుటపడ్డాది. అందుకే మల్లీ అడగనేదు. నిన్ను పంపినాను గాని నానే ఎల్లుండాల."

నేను ఏడుస్తున్నాను. నాన్నమ్మ ఇచ్చిన వంద రూపాయల సంగతి చెప్పాను. మేడం దాన్ని గుప్పిట్లో పట్టుకుని వెళ్లిందని చెప్పాను. చేతులు ఎలా ఉన్నాయని అడిగితే, ఐసు నీళ్లు కదా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయంది. అన్నం బాగానే పెడుతున్నారంది. ఇంక పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు.

"ఆ గుంట పన్నెండు దాకా లెక్కెట్టినాది, ఇన్నావా?" అంది. "నాను పది దాకే నేర్పినానే."